సున్నా నంబరు తొట్టి

2003 జూన్ 12, గురువారం. మధ్యాహ్నం రెండున్నర. పశువైద్యశాల వెనక గది. ఉన్నవారు: డాక్టరు గారు, మా తమ్ముని కూతురు, నేను. మూడు గంటల నుంచి కొండకింది పల్లె గొర్రెలకాపరి. కరెంటు ఉంది.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. కరెంటు సంగతి కూడా రాసుకున్నానంటే, అది నాలుగింటికి పోతుందని అందరికీ తెలుసు కాబట్టి.

అప్పటికి నేను కాంపౌండరుగా పదవీ విరమణ చేసి రెండేళ్లయింది. అయినా మండలంలో పారుడు రోగం కనబడిందనగానే డాక్టరు గారు కబురు పెట్టారు. ఆ రోగం వచ్చిన గొర్రెకు ముక్కు కారుతుంది, నోరు పుండవుతుంది, పారుతుంది, నాలుగైదు రోజుల్లో పడిపోతుంది. చూడి గొర్రెలైతే ముందు ఈసుకుపోతాయి, అంటే నెలలు నిండకుండానే పిల్ల పడిపోతుంది. అప్పటికి రోగం తగిలింది ఒక్క మందకే. మిగిలిన నలభై మందలకూ మర్నాడు తెల్లవారుజామున టీకాలు మొదలుపెట్టాలి. కానీ వచ్చిన మందు ఇరవై ఎనిమిది మందలకు మించి సరిపోదు. రెండో దఫా ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు.

అందుకని వరుస ముఖ్యం. రోగం అంటని మందలకు ముందు వేయాలి. రోగపు మందతో నీళ్లు పంచుకున్న మందలకు చివర వేయాలి, ఎందుకంటే వాటిలో రోగం ఇప్పటికే దాగి ఉండవచ్చు. మన చేతులు, బట్టలు, బూట్లు దాన్ని మోసుకుపోవచ్చు. టీకా వేసినా వాటికి పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

ఎవరి గొర్రెలు ఎక్కడ తాగుతాయో నా డైరీలో ఉంది. ఆ ఎండాకాలం పంచాయతీ ట్యాంకరు నీళ్లు పోసే సిమెంటు తొట్లు మండలంలో పందొమ్మిది. వాటిమీద ఎర్రరంగుతో ఒకటి నుంచి పందొమ్మిది దాకా అంకెలు వేసింది నేనే. ఒక్కో మందకు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు గళ్లు గీసి, ఏ పూట ఏ తొట్టో రాసుకున్నాను.

మా తమ్ముని కూతురు అనంతపురంలో కంప్యూటరు పాఠాలు చెప్పేది. సెలవులకు వచ్చి ఉంది. నా గళ్లు చూసి, "పెదనాయనా, ఇది చేత్తో చేస్తే రేపటికి కాదు. ఒక్కో మంద ఒక చిన్న జాబితా. అన్నీ కలిపితే జాబితాల జాబితా. రెండింట్లో ఒక్క అంకె కలిసినా పక్కపక్కన చేరుస్తా. అందులో ఒకటి ఇంకోదానితో కలిస్తే దాన్నీ లాక్కొస్తా. రోగపు మంద అట్టడుగున ఉంటుంది, దానితో కలిసినవి దానికి ఆనుకుని పైన" అంది.

నేను అంకెలు చదివాను, ఆమె వైద్యశాల కంప్యూటరులో కొట్టింది. ప్రింటరు కిర్రుమంటూ కాగితం వదిలింది. రోగపు మంద ఉన్న గుంపులోకి ముప్పైకి పైగా మందలు చేరాయి.

"ఇంత పెద్ద గుంపేంది?" అంది ఆమె, తెర మీదనుంచి కళ్లు తీయకుండా.

"కరువు సంవత్సరమమ్మా. ఉన్నవే పందొమ్మిది తొట్లు. అందరూ అన్నిచోట్లా తాగుతున్నారు" అన్నారు డాక్టరు గారు. నాకూ అది సబబుగానే తోచింది. ఆయన ఇరవై ఎనిమిదో వరుస కింద ఎర్రగీత గీశారు.

అప్పుడు వచ్చాడు కొండకింది పల్లె కాపరి. అరవై దాటిన మనిషి. తలపాగా తీసి భుజాన వేసుకుని, గడపలోనే నిలబడ్డాడు.

"నా మంద ఎన్నోది సార్?"

డాక్టరు గారు చూసి, "ముప్పైతొమ్మిది" అన్నారు.

"మందు యాడికి సరిపోతాది?"

"ఇరవై ఎనిమిదికి."

అతను లోపలికి వచ్చి నేలమీద కూర్చున్నాడు. "డెబ్బై గొర్లు సార్. నలభై చూడితో ఉండాయి. నెల తిరిగితే ఈనతాయి. నన్ను కడాకు పెడితే నేను ఏం గాను?"

"రోగపు మందతో నీళ్లు కలిసినాయప్పా. అందుకే" అన్నాను నేను.

"ఎవురు చెప్పినారు?"

"కంప్యూటరు."

"అది నా గొర్లను ఎప్పుడన్నా చూసినాదా? నేను ఆ రోగపు మంద తాగే తొట్లకాడికే పోను కదా. పొద్దున ఆరో నంబరుది. మిగతా రెండుపూట్లా మా వంకలో చెలమ తవ్వి తాపుతాండా. ఆ రోగమొచ్చినోడు యాడో ఆ పక్క. వానికీ నాకూ మూడు మైళ్లు."

"రాసింది తప్పు కాదు. నేను నిన్ను అడిగే రాసినాను" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. మొదటి ఏడాది తర్వాత ముప్పైయేళ్ల సర్వీసులో నా రిజిస్టరులో తప్పుందని అన్నవారు లేరు.

"రాసినావులేప్పా. రాసేది నువ్వు, సచ్చేది నా గొర్లు."

డాక్టరు గారు గడియారం చూసుకున్నారు. మూడూ ఇరవై. "ఒక్కొక్కరు వచ్చి ఇట్లా అడిగితే ఎట్లయ్యా? నిన్ను పైకి తెస్తే ఇంకొకరిని కిందికి తోయాలి. నాకు కారణం కావాలి."

"కారణం చూస్తాను సార్, ఐదు నిమిషాలు" అంది మా తమ్ముని కూతురు. "ఈయన మంద, రోగపు మంద. రెండింటికీ ఏ అంకె కలిసిందో అడుగుతా."

ఏదో కొట్టింది. తెరమీద ఒక్క అంకె వచ్చింది. ఆమె కుర్చీ నావైపు తిప్పింది.

"పెదనాయనా, సున్నా నంబరు తొట్టి ఎక్కడుంది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. కాపరికి అయింది.

"సున్నా తొట్టా? యాడుండాదప్పా అది? రంగు పూసింది నువ్వే గదా! ఒకటి కాన్నుంచి మొదలుపెట్టినావు. నేను పక్కనే కూచోని చూస్తి."

నేను డైరీలో అతని గళ్లు చూశాను: ఆరు, సున్నా, సున్నా.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మందుల రిజిస్టరులో ఒక గడి ఖాళీగా వదిలాను. దాన్ని వేరెవరో తప్పుడు లెక్కతో నింపారు. తనిఖీకి వచ్చిన అధికారి అందరి ముందూ నన్ను నిలబెట్టి అడిగాడు. ఆనాటి నుంచి నేను ఏ గడీ ఖాళీగా వదల్లేదు. ఏమీ లేకుంటే సున్నా చుట్టేవాణ్ణి. మధ్యాహ్నం తొట్టికి పోని మందకూ, సాయంత్రం పోని మందకూ సున్నాలే వేశాను. రోగపు మంద సాయంత్రం గడిలోనూ సున్నా ఉంది. ఆ సున్నా ఉన్న మందలన్నీ ఒకే తొట్టిలో మూతులు పెట్టినట్టు చేరిపోయాయి. యంత్రం నేను చెప్పిందే నమ్మింది.

"తప్పు నాది సార్" అన్నాను డాక్టరు గారితో. ఆ మాట అనడానికి లేచి నిలబడ్డానని తర్వాత గుర్తొచ్చింది.

ఆయన మళ్లీ గడియారం చూశారు. మూడూ ముప్పైఐదు.

"సున్నాను లెక్కలోకి తీసుకోవద్దని ఒక్క వాక్యం చాలు. కానీ మొత్తం మళ్లీ పేర్చాలి" అంది ఆమె. నేను డైరీ తెరిచి, ఈసారి పంక్తి పంక్తికీ వేలు పెట్టి సరిచూశాను. కాపరి లేచి ఆమె వెనక నిలబడ్డాడు. అక్షరాలు రావు కానీ అంకెలు తెలుసు. తెర మీద ఆరు కనబడినప్పుడల్లా "అది నాదేనా తల్లీ?" అని అడిగాడు. "కాదు తాతా, నువ్వు ఊపిరి పీల్చుకో" అంది.

ప్రింటరు మళ్లీ మొదలైంది. ముప్పై ఒకటో వరుస దగ్గర కరెంటు పోయింది. కాగితం మధ్యలో ఆగింది. కంప్యూటరు బ్యాటరీ మీద తెర ఇంకా వెలుగుతుంటే మిగిలిన పది వరుసలూ ఆమె చదివింది, నేను పెన్సిలుతో రాశాను. బ్యాటరీ చివరి కూత వేసే సరికి రాయడం అయింది.

రోగపు మందతో నిజంగా ముడిపడినవి పదకొండు మందలే. ఆరో తొట్టిలో తాగేవేవీ వాటిలో లేవు; కొండకింది పల్లె మంద మొట్టమొదటి వరుసలో ఉంది. కాపరి దాన్ని వేలితో తాకి చూశాడు. డాక్టరు గారు ఎర్రగీత మళ్లీ గీశారు. ఆ గీత కింద ఈసారి పడినవారిలో ఇద్దరు నాకు బాగా తెలిసినవాళ్లు. నిజం రాసినంత మాత్రాన మందు ఎక్కువ కాదు.

మర్నాడు, శుక్రవారం, ఐదున్నరకు జీపు కొండకింది పల్లె చేరింది. గొర్రెలు కంపదొడ్డిలోనే ఉన్నాయి. కాపరి దొడ్డివాకిట అడ్డంగా నిలబడ్డాడు. డాక్టరు గారు మందు కలపబోతుంటే చెయ్యి ఎత్తాడు.

"ఉండండి సార్. ఏమప్పా కాంపౌండరూ, నీ బుక్కు తెచ్చినావా?"

తెచ్చానన్నాను.

"నాది చదువు. మూడు గళ్లూ."

జీపు లైటు వెలుతురులో చదివాను. "పొద్దున, ఆరు. మధ్యాహ్నం, తొట్టికి పోదు. సాయంత్రం, తొట్టికి పోదు." రాత్రి ఇంటికి పోగానే నలభై ఒక్క మందలకూ సున్నాలు కొట్టేసి అలా రాసుకున్నాను.

"ఇంకోసారి చదువు."

చదివాను.

"ఆ. ఇప్పుడు తీయండి సూది" అని పక్కకు జరిగి, మొదటి చూడిగొర్రెను తనే మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు.