వాల్వు తిప్పమన్నది ఎవరు

నా బిడ్డ కోమల మొదటి గెలుపు ఇంటర్ ఇంగ్లిషు పరీక్ష. రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. అప్పుడు నవ్విన వాళ్ల పేర్లు నాకింకా గుర్తున్నాయి. ఆ తర్వాత ఆమె ఎక్కడా ఆగలేదు. నల్లగొండలో డిగ్రీ, హైదరాబాదులో ఎమ్మే, రాజనీతి శాస్త్రంలో డాక్టరేటు. ఇప్పుడు కల్వకుర్తిలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతోంది. మర్రిగూడ మండలంలోని మా ఊళ్లో, మా మాదిగవాడ నుంచి ఇంత చదువు చదివిన మనిషి మరొకరు లేరు. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను.

ఊళ్లో పెత్తనం ఎవరిదో తెలియాలంటే ఆఫీసులో కాదు, నల్లాల దగ్గర చూడాలని ఆమె పట్టు. ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు తాగి కాళ్లు వంగిన ఊరు మాది. మంచినీళ్ల పైపులు పడ్డాక కూడా మా వాడకు నీళ్లు అందరికన్నా చివర్లోనే వదులుతారు. అప్పటికి ట్యాంకు అడుగంటి ధార సన్నబడుతుంది. కోమల రెండేళ్లు పరిశోధన చేసి, లోపం పైపులో లేదని, ఎవరికి ముందు వదలాలో ఊరి పెద్దలు నోటిమాటతో తేలుస్తున్నారని రాసింది. ఈ సెప్టెంబరులో ఆ వ్యాసం పేపర్లో పడింది. పరిశోధన పద్ధతి ప్రకారం ఊరి పేరు మార్చింది, మనుషుల పేర్లు పెట్టలేదు. అయినా హోటల్లో చాయ్ తాగేవాళ్లు చదవగానే పోల్చుకున్నారు.

ఆదివారం కోమల ఇంట్లో ఉండగా నా బావమరిది ఐలేశం వచ్చాడు. ఊళ్లో నీళ్ల వాల్వు తిప్పే పని అతనిదే. గడప దాటలేదు.

“కూసో ఐలేశం,” అన్నాను.

“కూసునుడెందుకు బావా? నీ బిడ్డ నన్ను కొలువుల నుంచే లేపింది గద!”

“నీ పేరు రాయలే మామా,” అంది కోమల.

“పేరెందుకే కోడలా? ఊర్ల వాల్వు తిప్పెటోన్ని ఇంకొకన్ని చూపియ్యి, జూస్త.”

సర్పంచి విజేందర్ ఐలేశాన్ని పిలిపించి, వాడకు ఆలస్యం చేస్తున్నది నువ్వేనని తప్పంతా అతని మీదికే నెట్టాడట. వ్యాసం అబద్ధమని కోమల రాసిస్తే సరి, లేకుంటే అక్టోబరు రెండో తేదీ గ్రామసభలో కొలువు తీసేస్తానన్నాడట.

“అబద్ధమని రాస్తే మన వాడ మళ్ల బోరు నీళ్లే తాగుతది,” అంది కోమల. “మన వాడ వాల్వు ఆఖర్ల తిప్పుమన్నది ఎవలు మామా?”

“నీకు తెల్వదా?”

“నాకు తెలుసు. సభల నువ్వు చెప్పాలె.”

“చెప్తే నా పొట్ట కొడ్తరు. నువ్వు కల్వకుర్తికి పోయి పాఠాలు చెప్పుకుంటవ్. ఈడ బతికేది నేను.”

నా భార్య గుర్వమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి తమ్ముడి ముందు నిలబడింది. అతను చెయ్యి చాపలేదు.

“నేనొచ్చి నీ పక్కన నిలవడత,” అంది కోమల. “రాసింది నేనే, ఆ ఊరు గిదేనని మొదలు నేను చెప్త. ఆ తర్వాతనే నువ్వు నోరు తెరువు.”

“దాసిన ఊరి పేరు నువ్వే చెప్తే నీకు కాలేజీల మాట రాదా?” అని అడిగాడతను.

“వస్తది.”

ఐలేశం ఆమె ముఖంలోకి చూశాడు. “నువ్వొస్తే చెప్త. రాకుంటే మాత్రం తప్పు నాదేనని ఒప్పుకుంట. గంతే,” అని వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున్నే కోమల కల్వకుర్తి బస్సెక్కింది. అప్పటి నుంచి విజేందర్ మనుషులు మా ఇంటి ముందు బండ్లు ఆపి, “మేడమ్ వస్తదా, అక్కడ్నే ఉంటదా?” అని నవ్వుతూ అడిగిపోతున్నారు. వస్తుందనే చెబుతున్నాను. అక్టోబరు ఒకటో తేదీ సాయంత్రం వస్తుంది.