అమెరికా పంపుకు అఫ్జల్‌గంజ్ తోలు

1976 వేసవిలో నన్ను కంచన్‌బాగ్‌లోని ఒక మిశ్రలోహాల కర్మాగారానికి మెయింటెనెన్స్ ఇంజనీరుగా వేశారు. గుంటూరు వాణ్ణి, చాంద్రాయణగుట్టలో అద్దెకు దిగాను. నాకు అప్పగించింది ఒక వాక్యూమ్ ఫర్నేసు. గాలి తగిలితే చెడిపోయే లోహాలను, గాలి తోడేసిన గదిలో కరిగించే యంత్రం అది. ఆ గాలి తోడే పంపు అమెరికాది.

చేరిన రెండో నెలలోనే పంపు ఇరుసు దగ్గరి ఆయిల్ సీలు అరిగిపోయింది. బయటి గాలి లోపలికి చొరకుండా ఆపే, అరచేతిలో పట్టే రబ్బరు రింగు, అంతే. కొత్తది పంపమని రాస్తే, తమ ప్రభుత్వ అనుమతి కావాలంది కంపెనీ. మన దేశం అణుపరీక్ష చేసినప్పటినుంచీ వాళ్లు మనమీద గుర్రుగా ఉన్నారు. ఎక్కడ వాడతారు, ఇంకెవరికీ ఇవ్వరని హామీ ఏమిటి అంటూ ఎండ్ యూజ్ సర్టిఫికెట్ అడిగారు. ఇచ్చాం. మళ్లీ అడిగారు. మళ్లీ ఇచ్చాం. ఒళ్లు మండిపోయేది! ప్రపంచానికంతటికీ స్వేచ్ఛావ్యాపారం గురించి పాఠాలు చెప్పే దేశం, యంత్రం అమ్మి డబ్బు తీసుకున్నాక, విడిభాగం దగ్గర మన జుట్టు పట్టుకు కూర్చుంది. అంతకు పదేళ్ల ముందు గోధుమల ఓడల విషయంలోనూ ఇదే వరస. వియత్నాం యుద్ధం మీద మన మాట వాళ్లకు నచ్చకపోతే ఓడలు ఆలస్యమయ్యేవి.

ఎనిమిది నెలలు ఫర్నేసు చల్లగా పడి ఉంది. నెలాఖరుకల్లా నడవకపోతే సెక్షన్‌లోని పన్నెండుమంది దినకూలీలను తీసేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

అప్పుడు ఫోర్‌మన్ యాదగిరి నా గదికి వచ్చాడు. "సార్, పంపు ఇప్పుదాం. అఫ్జల్‌గంజ్ల బోరింగులకు తోలు వాషర్లు కోసే ముసలాయన ఉన్నడు. తోలును నూనెల నానబెట్టి ఏసి చూద్దాం" అన్నాడు.

పంపు మీద కంపెనీ వేసిన సీసపు ముద్ర ఉంది. దాన్ని తెంచినవాడికి చార్జ్ మెమో తప్పదు. నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. కంపెనీకి ఇంకోసారి రాసి చూద్దామన్నాను.

యాదగిరికి అర్థమైంది. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. యాదగిరే తెంపిండని రాయుండ్రి. నాకింక రెండేండ్లే సర్వీసు. గీ పన్నెండుమంది ఇండ్లల్ల పొయ్యి ఎట్ల ముట్టాలె?"

సిగ్గేసింది. 'నా ఆదేశం మీద తెరిచారు' అని లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాను.

మొదటి తోలు కారింది. ముసలాయన రెండోదాన్ని మరీ పలచగా చెక్కాడు, చిరిగింది. మూడోది నిలబడింది. లోపలి గాలి తగ్గుతూ గేజి ముల్లు కిందికి దిగుతుంటే సెక్షన్ మొత్తం ఒకటే లొల్లి. రెండు వారాలకొకసారి తోలు మార్చుకుంటూ ఫర్నేసు నడిపాం. కూలీలెవరూ పోలేదు. నాకు మెమో వచ్చింది, కన్ఫర్మేషన్ ఏడాది వెనక్కి జరిగింది.

ఆ తర్వాత నగరంలోనే ఒక రబ్బరు కార్ఖానా అచ్చం అసలుదానిలాంటి సీలు చేసిచ్చింది. ఆ సంగతి కంపెనీకి రాశాం. మరుసటి నెలలో అమెరికా అనుమతి వచ్చింది. అభ్యంతరం లేదట, ఎన్ని కావాలని అడిగారు. యాదగిరి పడీపడీ నవ్వాడు: "షుక్రియా అని రాయుండ్రి సార్!"

ఇవ్వకపోవడానికి వాళ్లు చెప్పిన కారణం ఏదైనా, మనం చేసుకోగలమని తెలిశాక అది మాయమవుతుందని అప్పుడు తెలుసుకున్నాను. తర్వాతి సర్వీసులో విదేశీ యంత్రం ఏది వచ్చినా, వారంలోపే విప్పించి విడిభాగాలకు డ్రాయింగులు గీయించాను. యాదగిరికి మాత్రం నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఆ రోజు తన పేరు రాయమని ఆయన అనకపోతే, నేను పన్నెండుమందిని పంపేసి, అమెరికాకు ఇంకో ఉత్తరం రాసేవాణ్ణి.