నోరు తెరవని చేప

ఈ అరబ్బు దేశంలో, అల్ ఖువైర్ పేటలోని మా ఫ్లాట్‌లో పసుపురంగు చేప ఒకటుంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు జాతి, వేలెడంత ఉంటుంది. కొని తెచ్చిన నాటి నుంచీ, రెండు వారాలుగా మేత ముట్టడం లేదు, గొంతు వాచింది. మా ఆవిడ తొట్టిలో చిటికెడు పసుపు వేద్దామంది. నేను ఒప్పుకోలేదు. ఈ రోజు నమాజు వేళ దాటాక, దాన్ని వలతో పది నిమిషాలు తరిమి పట్టుకుని, కవర్లో వేసి, కొన్న షాపుకే తీసుకెళ్ళాను. జబ్బు చేపను అంటగట్టారని దులిపేద్దామనే వెళ్ళాను.

అక్కడ పనిచేసే కడప మస్తాన్ భాయ్ కవరు వెలుతురుకెత్తి చూసి నవ్వాడు.

"జబ్బు కాదు సార్. ఈ జాతి గుడ్లు నోట్లోనే పొదుగుతాది. నోట్లో పిల్లల్ని పెట్టుకోనుండాది. వాటిని వదిలేదాకా ఏమీ తినదు. బెదిరిస్తే ఉమ్మేస్తాది, మెల్లగా తీసుకపోండి."

"మార్చి ఇంకోటి ఇమ్మందామని వచ్చా భాయ్."

"మారుస్తా సార్. కానీ మీ ఇంట్లో పుట్టాల్సిన పిల్లోళ్ళు గదా!"

నేను వలతో తరిమినంతసేపూ అది నోరు తెరవలేదని అప్పుడు గుర్తొచ్చింది. భాయ్‌కి ఎన్నిసార్లు షుక్రియా చెప్పానో! తిరిగొచ్చేటప్పుడు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఊపిరి బిగబట్టాను.

తొట్టిలో వదిలి, ఎదురుగా కూర్చుని సారీ చెప్పాను. మీలో ఎవరైనా చేపకి సారీ చెప్పారా? నాకైతే జవాబు రాలేదు. నోటినిండా పిల్లలాయె, ఎలా మాట్లాడుతుంది!