సార్ వదిలిన ఖాళీ లైను

ఆ ఉదయం ఆరింటికి మా సార్ పేరుతో రోజూలాగే మెసేజి వచ్చింది. ఆరుంపావుకి ఫోను: సార్ తెల్లవారకముందే పోయారని. అంటే ఆ మెసేజి వచ్చేటప్పటికి ఆయన లేరు.

అనకాపల్లి దగ్గర చక్కెర మిల్లులో కంప్యూటర్లన్నీ ఆయనే చూసేవారు. నాకు పని నేర్పింది ఆయనే. ఈరోజు ఎవరి చెరకు బండి రావాలో రైతులకు చెప్పే మెసేజి అది. చివర "నెమ్మదిగా రండి" అన్నది ఆయన సొంత మాట. ఆయన యూజరు పేరుతో మెషీనే టైముకి పంపుతుంది. ఎవరి ఖాతాలోకైనా వెళ్ళగల రూట్‌ ఖాతాతో అన్నీ నడిపేస్తే సులువు కదా అని నేనంటే కసిరేవారు. "తాళాలన్నీ సేతిలో ఉన్నాయని అందరి గదుల్లోకీ ఎల్లిపోతామేటమ్మా?"

అలా టైము పెట్టి పని నడిపే అనుమతి జాబితాలో ఉన్నది ఆయన ఒక్కరి పేరే. నన్నూ చేర్చమని రోషంగా అడిగితే నవ్వేవారు. "నీ పేరు ఎక్కించే రోజు నాకు తెలుత్తాదిలే. ముందు రాసిన దాని కింద కాళీ లైను వదలడం నేర్సుకో. నేకపోతే ఆకరి లైను మెషీను సదవదు." ఆ ఖాళీ లైను గోల రోజూ ఉండేది.

ఆయన పోయాక మూడు రోజులు మెసేజి వస్తూనే ఉంది. ఆరు కొడుతుంటే భయం వేసేది. ఆయన ఖాతా మూసేయమని ఆఫీసు చెప్పగానే, ఆ పనిని ఇంకొకరి పేరుకి మార్చకుండానే మూసేశాను. తప్పు నాదే. మర్నాడు మెసేజి వెళ్ళలేదు. మాకవరపాలెం నుంచి ఒక రైతు ఫోను చేశాడు. "మెసేజి రానేదమ్మా. నరికిన సెరుకు ఎండిపోతంది. సార్ ఏరీ?"

చూసి చెప్తానని ఫోను పెట్టేశాను. మెషీను ఏం చేసిందో రాసుకునే లాగ్ చూస్తే, మూసిన ఖాతా కాబట్టి పని నడపనంది. నా పేరు నేనే ఎక్కించుకుందామని జాబితా తెరిచాను.

అందులో ఆయన పేరు కింద నా పేరు అప్పటికే ఉంది. ఫైలు మార్చింది శుక్రవారం సాయంత్రం, ఆయన ఆఫీసుకి వచ్చిన ఆఖరి రోజు. ఒంట్లో బాగులేదని ఆయన ఎవరితోనూ అనలేదు.

ఆ పనిని నా పేరుకి మార్చాను. మెసేజి వెళ్ళింది. అదే రైతు మళ్ళీ ఫోను చేశాడు. "సార్ వచ్చేసేరేటమ్మా? నెమ్మదిగా రండని ఉంది."

సార్ పోయారని అప్పుడు చెప్పాను, ఏడుస్తూనే. తర్వాత ఆ జాబితా మళ్ళీ తెరిచాను. ఆయన పేరు, నా పేరు. నా పేరు కింద ఒక ఖాళీ లైను.