షోరూము బాబాయి

వీధిలో అందరూ ఆయన్ని షోరూము బాబాయి అంటారు. ఆదివారం తెల్లారితే చాలు, చిరుగుల బనీనుతో కారు పక్కన గొంతుక్కూర్చుని, చక్రాల సందుల్లో దుమ్ముని పాత టూత్‌బ్రష్‌తో గీకుతుంటాడు. షాంపూ కారుకి, తన తలకి బట్టల సబ్బు. ఇంజిన్ ఆయిలు, పాలిషు ధరలు కొండెక్కి కూర్చున్నాక అసలు కారు తియ్యడమే మానేశాడు. "నడిపితే ఆయిల్ మార్చాలి, వానకి తడిస్తే పాలిష్ పట్టాలి. ఈ ధరల్లో బయటికి తీస్తే ఇంకేమన్నా ఉందా?" అంటూ ఆఫీసుకి బస్సులో వేలాడుతూ పోతాడు.

మొన్న వానలో పిన్నికి ఒళ్లు కాలిపోయే జ్వరం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని బాబాయి కారు తాళాలు తీసుకుని గుమ్మం దాకా వచ్చాడు. రోడ్డు మీద బురద చూశాడు. తాళాలు మేకుకి తగిలించేసి, వెళ్లి పక్కింటాయన్ని బతిమాలుకున్నాడు. ఆయన కారు పుట్టి బుద్ధెరిగి స్నానం చేసిన పాపాన పోలేదు. వెనక సీట్లో ఒరిగిన పిన్ని, నుదుటి మీద వెయ్యమని బాబాయి చేతికి తడిగుడ్డ ఇచ్చి కళ్లు మూసుకుంది. ఎంతసేపటికీ చల్లగా తగలకపోయేసరికి కళ్లు తెరిచింది. బాబాయి ఆ గుడ్డతో పక్కింటాయన కారు అద్దం తుడుస్తున్నాడు.

"అది నా నుదుటికండీ" అంది నీరసంగా.

"ఉండు, ఈ మూల ఒక్కటే మిగిలింది."