సెలవులకు నేను ఎంచి ఇచ్చిన పుస్తకం

పిల్లలకు పుస్తకాలు ఎంచడంలో నన్ను మించినవాళ్ళు లేరని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు ఎవరైనా "మేడం, మా పాప సెలవుల్లో చదువుకోవడానికి ఒక మంచి పుస్తకం చెప్పండి" అని అడిగితే, పొయ్యి మీద పాలున్నాయనో రైలుకు టైమైందనో చెప్పి తప్పించుకుంటాను. ఎందుకు తప్పించుకుంటానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. చదివి తిట్టేవాళ్ళు తిట్టండి. నన్ను నేను తిట్టుకున్నంతగా మీరు తిట్టలేరు.

నేను తెలుగు టీచర్ని. ఉండేది పెనుకొండలో, ఉద్యోగం ధర్మవరంలోని ఒక హైస్కూల్లో. మా బళ్ళో లైబ్రరీ అంటే హెడ్మాస్టరు గదిలో ఉన్న ఒక ఇనుప బీరువా. దానికి ఎప్పుడూ తాళమే. బీరువాకు బాధ్యుడిగా ఎవరు సంతకం పెడితే వాళ్ళు బదిలీ అయ్యే రోజున ప్రతి పుస్తకాన్నీ లెక్కకు చూపించాలి. ఒక్కటి తగ్గినా నోటీసు. అందుకని ఎవరూ పుస్తకం బయటికి తీయరు. కట్టలకు కట్టిన పురికొస కూడా విప్పకుండానే ఆ పుస్తకాలు ముసలివైపోయాయి. దాని మీద నేను మూడేళ్ళు పోట్లాడాను. చివరికి హెడ్మాస్టరు విసిగిపోయి, "తీసుకోండి మేడం, పోతే మాత్రం మీదే పూచీ" అని తాళంచెవి నా చేతిలో పడేశారు.

అప్పటి నుంచి ప్రతి ఏప్రిల్లో, పరీక్షలైపోయిన వారం, తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక్కొక్కరికి ఒక నవలో, ఎవరైనా తమ బతుకు గురించి తాము రాసుకున్న పుస్తకమో ఇచ్చి పంపడం మొదలుపెట్టాను. ఇచ్చి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఒక నియమం కూడా పెట్టాను. రోజూ రెండు పేజీలు ఇంట్లో పెద్దవాళ్ళకు పైకి చదివి వినిపించాలి. విన్నవాళ్ళ చేత నోటుబుక్కులో సంతకం పెట్టించుకోవాలి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేసినా సరే. మా సొంతూరు రొద్దంలో నేను చదువుకునే రోజుల్లో మా అవ్వకు అట్లా చదివి చదివే నాకు నాలుక తిరిగింది. ఆమెకు అక్షరం రాదు. కానీ నేను ఒక వాక్యం దాటవేస్తే, "ఏందమ్మీ, మధ్యలో ఏదో మింగినావు" అని పట్టుకునేది. ఆమెను తలచుకుని పెట్టిన నియమం అది. మొదటి ఏడు ఒకడు మేకలకు చదివి వినిపించి సంతకాలన్నీ తనే పెట్టుకొచ్చాడు. చెవి మెలిపెట్టాను గానీ లోపల నవ్వొచ్చింది. పోనీ, మేకలకైనా చదివాడు కదా.

ఇక ఆ పిల్ల సంగతి. తొమ్మిదో తరగతిలో ఉండేది. పాఠం చదవమంటే గడగడా చదివే రకం కాదు. నిదానంగా, ఎదురుగా ఉన్న మనిషికి చెబుతున్నట్టు చదివేది. ఆమె లేచి నిలబడితే వెనక బెంచీ కోతులు కూడా నోరు మూసుకుని వినేవాళ్ళు. వాళ్ళది అమరాపురం దగ్గర పల్లె. సేద్యం గిట్టక ధర్మవరం వచ్చి మగ్గం పట్టారు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. తండ్రి నాలుగో తరగతి వరకు కర్ణాటక వైపు బళ్ళో కన్నడమే చదివాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు గానీ చదవలేడు.

ఏప్రిల్లో మార్కుల కార్డు తీసుకోవడానికి ఆయన వచ్చాడు. అంతకు ముందు బడి మానేసిన ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల్లాగా ఈమె కూడా తొమ్మిదితో ఆగిపోతుందేమోనని నాకు భయం. నేరుగానే అడిగేశాను.

"ఏమన్నా, పాపను పదికి పంపిస్తావు కదా?"

"సూడాల మేడం. మా యింటామెకు నడుము పట్టుకునింది. మగ్గం కాడ కూర్చోలేకుండా ఉండాది. పెద్ద అంచు చీర ఒక్కడితో అయ్యేది కాదు, పక్కన ఇంకొకరు కూర్చోవాల." కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ ఎండాకాలం పోనీ. బడి తెరిచినాక చెప్తా. బిడ్డకు సదువు మీద ఆశ ఉండాది, నాకు తెలీదా?"

సగం ఒప్పుకున్న మాట అది. అవునా కాదా? ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు మాత్రం నా చెవికి మొదటి సగమే ఎక్కింది. ఈయన పిల్లను మగ్గం గుంతలో దించేస్తాడు, దీన్ని నేను కాపాడాలి అనుకున్నాను. ఎవరినైనా కాపాడాలనిపిస్తే చాలు, నాకు ఒళ్ళు తెలియదు.

ఆ ఆదివారం పనిగట్టుకుని హిందూపురం వెళ్ళాను. అక్కడ పాత పుస్తకాలు అమ్మే పెద్దాయన దగ్గర నేను చదివిన పుస్తకం ఒకటి కనిపించింది. ఒకామె తన చిన్నతనం గురించి రాసుకుంది. పేరు చెప్పను, తప్పు ఆ పుస్తకానిది కాదు. ఆమె ఇటుకల బట్టీల్లో పెరిగింది. తండ్రి బడి మాన్పించి ఇటుకలు మోయించాడు. ఆమె ఎవరెవరి కాళ్ళో పట్టుకుని చదువుకుని పెద్ద ఉద్యోగస్థురాలయ్యింది. తండ్రిని మాత్రం క్షమించలేదు. ఆయన పోయిన రోజు తనకు కన్నీరు రాలేదని ఉన్నదున్నట్టు రాసింది. ఆ పిల్లకు ఇదే సరైన మందు అనుకుంటూ రైలెక్కాను. పెనుకొండ వచ్చేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. అంత మురిపెం.

పంచే రోజు పుస్తకాలన్నీ బల్ల మీద పరిచాను. హెడ్మాస్టరు చూసి, "మేడం, ఈ ఏడుపులన్నీ వీళ్ళ ఇళ్ళలో లేవా? సెలవులు కదా, నవ్వుకునేవి ఇవ్వండి" అన్నారు. ఈయనకేం తెలుసు అన్నట్టు చూశాను. ఆ పిల్ల తనంతట తాను ఒక దయ్యాల నవల తీసుకుంది. పాడుబడ్డ బంగళా, కిటికీలో దీపం, అట్లాంటిది. నేను చేతిలోంచి లాక్కున్నాను.

"ఇదెందుకే నీకు? ఇదిగో, ఇది చదువు."

అట్ట అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది బాగుంటుందా మేడం?"

"పనికొస్తుంది" అన్నాను.

మే నెలలో ఆ పిల్ల వాళ్ళమ్మ ఫోన్ నుంచి నాకు వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపింది. వెనక మగ్గాలు టకటకమని కొట్టుకుంటున్నాయి. "మేడం, మా నాయన దినమూ వింటాండాడు. పక్క మగ్గాలోళ్ళు కూడా వింటాండారు. నేను కూర్చుంటే అందరూ ఆపేస్తారు మేడం, సద్దు లేకుండా." పొంగిపోయాను. ఒక పెద్ద రేకుల షెడ్డు కింద అయిదారు మగ్గాలు, పనిచేసే మనుషులంతా చెయ్యి ఆపి ఒక ఆడపిల్ల చదువుతుంటే వింటున్నారు! ఆ మాటను హెడ్మాస్టరుకు పంపాను. చూడండి సార్ అన్నట్టు. ఆయన దండం పెట్టే బొమ్మ ఒకటి పంపారు.

పది రోజులకు ఇంకో మాట వచ్చింది. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"మేడం, పుస్తకంలో ఆ యమ్మ వాళ్ళ నాయన చచ్చిపోయే కాడికి వచ్చినా. నిన్న ముందుగానే సదివి సూసుకుంటి. అది మా నాయన ముందర సదవాల్నా మేడం? ఆ నాలుగు పేజీలు వదిలేద్దునా?"

ఎంత తెలివిగల పిల్ల! తన తండ్రి ముందు ఏది చదవాలో ఏది చదవకూడదో దానికి తెలిసింది. పాతికేళ్ళు పాఠాలు చెప్పిన నాకు తెలియలేదు. నేనేమన్నానో అక్షరం మరిచిపోలేదు. "ఒక్క ముక్క వదలడానికి వీల్లేదు. మొత్తం చదువు. ఆయన వినాల్సిందే అది" అన్నాను.

చదివింది. టీచరు చెప్పింది కదా.

జూన్‌లో బడి తెరిచారు. రెండు రోజులు, మూడు రోజులు, వారం. ఆ పిల్ల రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. శనివారం బడి అయ్యాక నేనే వెళ్ళాను.

షెడ్డులో మగ్గాలన్నీ నడుస్తున్నాయి. తండ్రి గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. ఆయన పక్కన, అంచు వైపు, ఆ పిల్ల. నన్ను చూసి లేవబోయింది. ఆయన ముఖం చూసి మళ్ళీ కూర్చుంది. వాళ్ళమ్మ గోడకు ఆనుకుని కూర్చుని కండెలకు దారం చుడుతోంది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. నేనే ఒక పక్కగా నిలబడ్డాను. చాలాసేపటికి ఆయన చెయ్యి ఆపాడు. ఆయన ఆపగానే మిగతావాళ్ళు కూడా ఆపేశారు. అందరికీ వినాలని ఉంది.

"మీమీద నాకు కోపం లేదు మేడం" అన్నాడు. అంటే ఎంత కోపం ఉందో అర్థమైంది.

"ఏమైందన్నా? పదికి పంపిస్తానన్నావు కదా?"

"సూద్దామంటి. పంపిద్దామనే ఉన్యా. మీ పుస్తకం కూడా ఆశగా వింటి. పనంతా నిలబెట్టి వింటి." పక్క మగ్గాల వైపు చెయ్యి చూపించాడు. "వీళ్ళు ‘ఏమప్పా, నీ కతే రాసినారు కదా పుస్తకంలో’ అని నవ్వినారు. నవ్వేటోళ్ళు నవ్వుతారు, దానికేం ల్యా. ఆ యమ్మ, వాళ్ళ నాయన సచ్చిపోతే ఏడవలేదంట కదా మేడం. దాన్ని ఊరూరికీ తెలిసేటట్టు పుస్తకం ఏసిందంట. ఆయన యాడ పండుకున్యాడో, ఏం తిన్యాడో, ఒక్క తూరి కూడా రాయలేదే? నేను ఇడవకుండా వింటి కదా, యాడా రాయలేదు."

నిజమే. రాయలేదు. ఆ పుస్తకాన్ని నేను రెండుసార్లు చదివాను. ఆ సంగతి ఒక్కసారీ నా బుర్రకు తట్టలేదు.

"ఆ పేజీలు సదివేటప్పుడు బిడ్డ గబగబా సదివేసింది. నా ముఖం సూడలేదు. నేను సూస్తాండా. ఆ మాట దాని మనసులో పడిపోయిండాది."

"అట్లా కాదన్నా. ఆయన చదువు మాన్పించాడు, అందుకే ఆమె అట్లా రాసింది. నువ్వు చదివిస్తే నీ బిడ్డ ఎందుకు రాస్తుంది?"

ఆయన చాలా నిదానంగా, నాకు పాఠం చెబుతున్నట్టు అన్నాడు. "మాన్పించినందుకు రాయలేదు మేడం. సదువుకునింది కాబట్టి రాసింది. ఈడ మాన్పించినోళ్ళు ఎంతమంది లేరు? ఎవరన్నా రాసినారా?"

అని మగ్గం మొదలుపెట్టాడు. మిగతా మగ్గాలు కూడా మొదలయ్యాయి. ఇక నేను ఏం మాట్లాడినా ఎవరికీ వినిపించదు.

సందు చివర దాకా ఆ పిల్ల వెంట వచ్చింది. పుస్తకం, నోటుబుక్కు తెచ్చి చేతికిచ్చింది. పుస్తకానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసింది. నోటుబుక్కు అక్కడే తెరిచి చూశాను. రోజుకో సంతకం, అన్నీ కన్నడంలో, వంకర లేకుండా. ఆ నాలుగు పేజీల దగ్గర కూడా సంతకం పెట్టాడు.

"నువ్వు చెప్పలేకపోయావా మీ నాయనకు?" అని అడిగాను. ఇంకా దాని మీదే నెడుతున్నాను చూడండి, సిగ్గులేకుండా.

"చెప్పినా మేడం. నేను రాయను నాయనా అంటి. నువ్వు పోతే నేను ఏడుస్తా అని తల మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టినా." నోటుబుక్కు నా చేతిలోంచి తీసి మూసింది. "నమ్మలేదు మేడం."

ఏడవలేదు ఆ పిల్ల. నేనే ఏడ్చాను, రైల్లో, పక్కనున్నవాళ్ళు ఏమైందమ్మా అని అడిగేదాకా. హెడ్మాస్టరును పంపాను, ఆయన వెళ్ళి వచ్చారు. వార్డు సచివాలయం వాళ్ళనూ పంపాను, వెళ్ళి వచ్చారు. మళ్ళీ నేనే రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి ఆయన తల ఎత్తలేదు. కొట్లాడే మనిషైతే కొట్లాడి గెలవొచ్చేమో. బిడ్డ తనను తలచుకుని ఏడవదేమోనని భయపడే మనిషితో ఎట్లా కొట్లాడను?

పదో తరగతికి నేనే క్లాసు టీచర్ని. నెల దాటినా బడికి రాని పిల్లల వివరాలు ఫోన్లో నమోదు చేయమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఆ పిల్ల పేరు వెతికి నొక్కాను. బడి మానడానికి కారణం ఎంచుకోమంది. వలస, అనారోగ్యం, పెళ్ళి, కూలిపని, ఇతరములు. ఆ వరుసను కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ రెండుసార్లు చూశాను. తెలుగు టీచరు అనేది అందులో లేదు. ఇతరములు అని నొక్కాను.