మూడో గుండీ

ఆ సినిమాను ఎన్నిసార్లు చూశానో నాకే గుర్తులేదు. నేను పుట్టకముందు వచ్చిన గ్యాంగ్‌స్టర్ సినిమా అది. మొదటిసారి నాయనే చూపించాడు, అద్దెకు తెచ్చిన సీడీలో. ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది. నాయుడుపేటలో నా టైలరింగ్ షాపులో కాజాలు కుడుతూ మాటలు మాత్రం వింటుంటాను. "ఆ కొట్టుకు చావడం ఏం చూస్తావక్కా?" అని జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. రెండున్నర గంటల సినిమాలో తుపాకి పేలేది రెండేసార్లు. చూడకుండానే మాట్లాడేవాళ్ళకు ఏం చెప్తాం? వాళ్ళ జాకెట్టు ఇంకో రెండు రోజులు ఆలస్యమవుతుంది, అంతే.

కథ చిన్నదే. రేవు పట్నమొకటి తన గుప్పిట్లో పెట్టుకున్న ఒక దాదా ఉంటాడు. మొదటి అరగంటలోనే ఒక మాట అంటాడు. రేవులో మూటలు మోసేవాళ్ళ జోలికి మనవాళ్ళెవరూ పోకూడదు, పోయినవాడు ఈ ఊళ్ళో ఉండడు అని. అందరూ తలూపుతారు. చూసే మనం ఆ సంగతే మర్చిపోతాం. రెండు గంటల తర్వాత ఆ మాట తిరిగి తిరిగి వచ్చి ఆయన సొంత తమ్ముడి మెడకే చుట్టుకుంటుంది. కథ అల్లడమంటే అదీ.

కబురు వచ్చేసరికి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటాడు. తప్పు చేసింది తమ్ముడని వినగానే మూడో గుండీ దగ్గర వేళ్ళు ఆగిపోతాయి. ఏడుపు లేదు, వెనక సంగీతం లేదు. కాసేపటికి వేళ్ళు మళ్ళీ కదులుతాయి. మిగతా గుండీలు వరసగా పెట్టుకుని బయటికొచ్చి, వాణ్ణి ఓడెక్కించి పంపెయ్యమంటాడు.

"అరిచి చేసేది ఎవుడైనా చేస్తాడమ్మాయ్. ఈయన చూడు, వేలితో చేసినాడు," అనేవాడు నాయన. ఆ సీను వచ్చినప్పుడు ఇంట్లో ఎవరైనా దగ్గినా ఊరుకునేవాడు కాదు.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఊరు. రొయ్యలు బాగా పడే చోట వల వేయడానికి వంతులుంటాయి. ఏ రోజు ఏ ఇంటిదో పెద్దలు ముందే చీట్లు వేసి తేలుస్తారు. ఆ పెద్దల్లో నాయన మాటే చివరి మాట.

రెండేళ్ళ కిందట, వానలప్పుడు, మా వీధిలో ఒక ముసలాయన పోయాడు. మైల ఉన్నన్ని రోజులూ ఆ ఇంటివాళ్ళు సరస్సులోకి దిగరు. వాళ్ళ వంతు సరిగ్గా ఆ రోజుల్లోనే పడింది. ఎటూ వాళ్ళు రారు, ఆ రోజు ఊరికే పోతుంది గదా అనుకున్నాడు మా తమ్ముడు. పోయి వల వేశాడు. గంపల నిండా రొయ్యలతో, పట్టపగలు, నవ్వుకుంటూ ఒడ్డుకొచ్చాడు. తప్పు చేశానని వాడికి తట్టనే లేదు. కానీ మా దగ్గర మైలలో ఉన్న ఇంటి వంతును ఎవరూ ముట్టుకోరు. ఆ రోజు అక్కడ వల పడకపోవడమే పోయిన మనిషికి ఊరు ఇచ్చే మర్యాద.

దానికి శిక్ష ఒక్కటే. ఆ ఏటికి వంతులు పోతాయి. తమ్ముడికి బిడ్డ పుట్టి అప్పటికి మూడు నెలలు. వంతు పోతే వాడు ఇంకొకరి పడవలో కూలికి పోవాలి.

సంగతి తెలిసి, షాపు మూసి, బస్సెక్కి ఊరికి పోయాను. నాయన కాళ్ళావేళ్ళా పడ్డాను.

"వాడు కావాలని చేయలా నాయనా. ఈ ఒక్కసారికి వదిలెయ్యి. నువ్వు చెప్తే ఎవురూ కాదనరు."

"అందుకే చెప్పకూడదు," అన్నాడు నాయన.

"ఆ సినిమా చూసీ చూసీ నీ మనసు రాయైపోయినాది," అన్నాను. నిజానికి ఇన్నేళ్ళూ ఆ సీనుకు చప్పట్లు కొట్టింది నేను. అది మా గడప తొక్కేసరికి నాకు న్యాయం అక్కర్లేదు, తమ్ముడు కావాలి. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మర్నాడు పొద్దున ఊరంతా చేరింది. నాయన ఇంట్లోంచి చొక్కా వేసుకుని వచ్చాడు. నేను కుట్టిన తెల్ల చొక్కా, పంచాయితీ ఉంటే తప్ప పెట్టెలోంచి తీయడు. "నా కొడుకు తప్పు చేసినాడు. ఈ ఏటికి మా ఇంటికి వంతు లేదు," అన్నాడు. గొంతు పెంచలేదు, తడబడలేదు. నేను మాత్రం ఆయన మొహం చూడలేదు, చొక్కా చూశాను. ఒక కాజా తప్పి గుండీలు పెట్టుకున్నాడు. ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి వేలాడుతోంది. అంతమందిలో ఒక్కరూ నవ్వలేదు. లేచి సరిచేద్దామనుకున్నాను, లేవలేదు. తమ్ముడు తల వంచుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆ ఏటి వంతులు ముగిసేదాకా, నాలుగు నెలలు, వాడు ఇతరుల పడవల్లో పనిచేశాడు. నాయనతో మాట్లాడటం మానేశాడు. దారిలో ఎదురుపడితే పక్కకు తిరిగిపోయేవాడు. పక్కనే ఉన్న తమ్ముడి ఇంట్లోంచి మనవడి ఏడుపు వినపడితే నాయన చేస్తున్న పని ఆపేసేవాడు. సినిమా ఊసే ఎత్తలేదు.

ఎండలు మొదలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరికి పోయినప్పుడు, నేనే ఫోను టీవీకి కలిపి ఆ సినిమా పెట్టాను. చివరికొచ్చేసరికి తమ్ముడు బిడ్డను చంకనేసుకుని వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. పలకరిస్తే లేచిపోతాడేమోనని నేను నోరు తెరవలేదు. తెర మీద కబురు తెచ్చేవాడు మెట్లెక్కుతున్నాడు. ఆ సీనును ఏనాడూ దాటించని నాయన, దాటించడానికి నా ఫోను కోసం చెయ్యి చాపాడు.

"ఉండనీ నాయనా," అన్నాడు తమ్ముడు.

మూడో గుండీ దగ్గర వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి. మిగతా గుండీలన్నీ సరిగ్గా పడ్డాయి.

"ఈయన అన్నీ సరిగ్గానే పెట్టుకున్నాడు," అన్నాడు వాడు టీవీ వైపే చూస్తూ. "నువ్వు ఆ పొద్దు ఒక కాజా తప్పి పెట్టుకొచ్చినావు. నేను చూసినా నాయనా."

నాయన బిడ్డను ఇమ్మని రెండు చేతులూ చాపాడు.